రేకు మీద ఊరు



కొమురవెల్లిలో మహాశివరాత్రికి వేసే పెద్దపట్నాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. దేవరుప్పుల నుంచి, జనగామ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏటా జనం మల్లన్న దగ్గరికి పోతూనే ఉంటారు. ఒగ్గు పూజారులు నేల మీద వంగి పసుపు, కుంకుమ, తెల్లపిండి, పచ్చపొడి, నల్లపొడి చల్లుతూ పట్నం గీస్తారు. పొడిని గుప్పిట్లో పట్టి వేళ్ల సందుల్లోంచి వదలడంలోనే నేర్పంతా ఉంది. చేయి తడబడితే గీత లావవుతుంది. ఆగితే పొడి కుప్ప పడుతుంది. అంత పెద్ద బొమ్మ పూర్తయి, పూజ ముగిశాక దాన్ని తొక్కుతారు. గీసినవాళ్ల కళ్లముందే అది చెరిగిపోతుంది.

ఈ పూట నేను మాట్లాడబోయేది చిత్రకారుడి పనిగది గురించి. అక్కడ జరిగే ప్రయోగాల గురించి, ఆ ప్రయోగాలకు ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తుందన్న దాని గురించి. మన దగ్గర బొమ్మలేసే కుర్రవాళ్లు తరచుగా అడిగే మాట ఒకటుంది. "సార్, హైదరాబాద్‌లో గ్యాలరీలున్నాయి, బరోడాలో పెద్ద కాలేజీ ఉంది. ఇక్కడ ఏముంది? మాకు ప్రేరణ ఎక్కడి నుంచి రావాలి?" ఆ ప్రశ్న వెనకున్న ఆరాటం నాకు తెలుసు. అందుకే జవాబును పట్నం దగ్గర మొదలుపెట్టాను.

పసుపు ఎండకు నిలవదు. వెలుతురు తగిలిన కొద్దీ వెలిసిపోతుంది. రంగుల గురించి తెలిసిన వాళ్లెవరూ నాలుగు తరాలుండాల్సిన బొమ్మకు పసుపు వాడరు. కానీ పట్నం ఉండేది పూజ ముగిసేదాకే. దానికి పసుపును మించిన రంగు లేదు. అంటే ఆ బొమ్మ ఎంతకాలం ఉండాలి, ఎవరి ముందు ఉండాలి, ఏ నేల మీద ఉండాలి అన్న లెక్క వేసుకునే రంగును ఎంచుకున్నారు మన పెద్దలు. నా దృష్టిలో పనిగదిలో జరిగే ప్రయోగమంటే ఈ లెక్కే. ప్రేరణ మన ఊళ్లల్లో కావలసినంత ఉంది. అది ఒక గుడ్డ మీదో, రేకు మీదో, కాగితం మీదో కుదురుకునే దాకా పడే శ్రమ దగ్గరే చాలామంది వెనక్కి తగ్గుతున్నారు. ఆ శ్రమ గురించి చెబుతాను.

చేర్యాల మనకు దూరం కాదు. 2016లో జిల్లాలు మారినప్పుడు సిద్దిపేటలో కలిసింది గానీ, అంతకుముందు మన వరంగల్ జిల్లాదే. అక్కడి చిత్రకారులైన నకాషీలు వేసే పటాలు కొన్ని పదుల అడుగుల పొడవుంటాయి. వాటిని కథకులు ఊరూరా తిప్పి, కర్రకు కట్టి, ఒక్కో బొమ్మా విప్పుతూ కథ చెప్పేవారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్పేవారు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెప్పేవారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెప్పేవారు. ఆ పటం గోడకు వేలాడదీసి వదిలేసే బొమ్మ కాదు. వందలసార్లు చుట్టాలి, వందలసార్లు విప్పాలి. అయినా రంగు పెళ్లలు లేవకూడదు. అందుకోసం ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడకబెట్టిన చింతగింజల ముద్ద, జిగురునీళ్లు కలిపి పూతలు పూస్తారు. ఒక పూత ఆరాకే మరొకటి. చింతగింజ ముద్ద వల్ల పూత గుడ్డకు గట్టిగా అంటుకుంటుంది, వంచితే వంగుతుంది. సుద్ద ఎక్కువైతే పగులుతుంది, జిగురు ఎక్కువైతే అట్టలా బిగుసుకుంటుంది. ఈ పాళ్లు ఏ పుస్తకం చూసీ కుదిరినవి కావు. పాడైన గుడ్డలే నేర్పి ఉంటాయి.

ఆ పటాల్లో బొమ్మల వెనకున్న నేపథ్యమంతా ఎర్రగా ఉంటుంది. ఎందుకన్నది నేను చాలాకాలం ఆలోచించాను. రాత్రిపూట దీపం వెలుగులో, దూరంగా కూర్చున్న మనిషికి కూడా బొమ్మలు విడివిడిగా కనిపించాలంటే ఎరుపు మీద పసుపు, తెలుపు, నీలం నిలిచినంతగా మరే నేల మీదా నిలవవు. ఇది నా ఊహ మాత్రమే. కానీ ఏ రంగయినా మొదట ఒక పని కోసం వచ్చి, ఆ తర్వాతే అందమవుతుందని నేను నమ్ముతాను.

సినిమాలు, టీవీలు వచ్చాక పటం కథలు తగ్గాయి. కథకుడికి పిలుపు లేకపోతే నకాషీకి పని లేదు. ఆ కష్టంలో వాళ్లు చేసింది చూడండి. కొబ్బరిచిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల ముద్ద కలిపి అద్ది ముఖాల బొమ్మలు చేశారు. పొడవాటి కథలోంచి ఒక్క ఘట్టాన్ని తీసి చిన్న గుడ్డ మీదకు, అట్టముక్క మీదకు తెచ్చారు. దాన్ని వ్యాపారమని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఊరి నడుమ నిలబడి చూసే బొమ్మను ఇంటి గోడకు సరిపోయేలా మార్చాలంటే కథలో ఏ క్షణాన్ని ఉంచాలి, దేన్ని వదలాలి అన్నది తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడం చిత్రకారుడి పనే.

జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకు పని గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. హైదరాబాద్ బస్సెక్కిన ప్రతివాళ్లూ ఆ దుకాణాలను చూస్తారు. గుడి వాహనాలకు, తలుపులకు తొడుగులు కొట్టిన చేతులే నిజాం కాలంలో పాన్‌దానులు, అత్తరుదానులు కూడా కొట్టాయి. అక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోమంటాను. రేకును కాల్చి మెత్తబరిచి, లక్కలాంటి ముద్ద మీద పరిచి, సన్నటి ఉలితో కొడతారు. కింద ముద్ద మెత్తగా లొంగుతుంది కాబట్టే పైన రేకు ఉబ్బుతుంది. రాయి మీద పెట్టి కొడితే రేకు చిరుగుతుంది. లోహం కూడా చేతి మాట వింటుంది, కానీ దానికి తగిన పరుపు వేయాలి.

ఇప్పుడు ఇంకో రకం రేకు గురించి.

కె. లక్ష్మాగౌడ్ గారు 1940లో పాత మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. 1963 దాకా హైదరాబాద్ ప్రభుత్వ లలితకళల కళాశాలలో చదువుకున్నారు. తర్వాత బరోడా వెళ్లి మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర కుడ్యచిత్రాలూ అచ్చుచిత్రాలూ నేర్చుకున్నారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్లో పిల్లలకు నేర్పారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. ఇవన్నీ ఎక్కడైనా దొరికే వివరాలు. నాకు ముఖ్యమనిపించేది వేరే. బరోడా నుంచి తిరిగొచ్చి ఆయన తన ఊరిని మళ్లీ చూశారు. చిన్నప్పుడు చూసిన ఊరే. కానీ మధ్యలో పట్నం మర్యాదలు, పట్నం సిగ్గులు చూసి వచ్చిన కన్ను అది. మనుషులు తమ ఒంటి గురించి, కోరికల గురించి, చావుబతుకుల గురించి అరుగు మీద కూర్చుని దాపరికం లేకుండా మాట్లాడుకునే ఊరు ఆ కన్నుకు కొత్తగా కనిపించింది. 1970లలో ఆయన కలంతో గీసిన బొమ్మల్లో ఆడా మగా, మేకలూ, చెట్లూ, రాళ్లూ ఒకదానిలోంచి ఒకటి మొలిచినట్టుంటాయి. అప్పట్లో మధ్యతరగతి ఇళ్ల గోడల మీద పెట్టుకోవడానికి ఇబ్బందిపడే బొమ్మలవి. ఈనాటికీ కొందరికి ఇబ్బందే. వాటిలో దాపరికం లేని నిజం ఉందనే నాకు గౌరవం.

ఆ గీతకు ఎచింగ్ బాగా కుదిరింది. ఎచింగ్ అంటే ఏమిటో రేడియోలో చూపించలేను. అయినా ఆ గదిలో ఏం జరుగుతుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇవాళ్టి నా మాటంతా దాని మీదే నిలబడి ఉంది.

ఒక జింకు రేకో రాగి రేకో తీసుకుంటారు. అంచులు ఆకురాయితో ఏటవాలుగా అరగదీస్తారు, లేకపోతే ఒత్తినప్పుడు కాగితం తెగుతుంది. పైభాగాన్ని అద్దంలా మెరుగుపెట్టి, వేలిముద్ర జిడ్డు కూడా లేకుండా సుద్దపొడితో తుడుస్తారు. రేకును వేడి చేసి తేనెమైనం, తారు, గుగ్గిలం కలిపిన పూత పలచగా పూస్తారు. దాన్ని తలకిందులుగా పట్టి కింద కొవ్వొత్తి పొగ చూపిస్తే పూత నల్లబడుతుంది. ఇప్పుడు సూదిమొన లాంటి పరికరంతో దాని మీద గీస్తే, పూత లేచి కింద లోహం తళుక్కుమంటుంది. అంటే నలుపు మీద వెలుగు గీత. చివరికి కాగితం మీద పడేది తెలుపు మీద నలుపు. పైగా ఎడమది కుడికి వస్తుంది. గీసేటప్పుడు చిత్రకారుడు ఈ రెండు తిరగమరగలనూ మనసులోనే లెక్కవేసుకోవాలి.

తర్వాత రేకును ఆసిడ్‌లో ముంచుతారు. జింకు అయితే బాగా పలుచన చేసిన నైట్రిక్ ఆసిడ్. పూత ఉన్నచోట ఆసిడ్ ముట్టదు. గీసిన చోట లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. గీతల వెంట సన్నటి బుడగలు లేస్తాయి. వాటిని పక్షి ఈకతో నెమ్మదిగా తోసేయాలి, బుడగ నిలిచినచోట ఆసిడ్ సమంగా తినదు. కొన్ని నిమిషాలకు తీస్తే గీత వెంట్రుకలా ఉంటుంది. ఇంకాసేపు ఉంచితే లోతవుతుంది, లావవుతుంది, అంచులు గరుకుతేలుతాయి. సన్నగా ఉండాల్సిన గీతల మీద వార్నిష్ పూసి, మిగతావాటిని మళ్లీ ముంచుతారు. నీడలు కావాలంటే గుగ్గిలం పొడిని దుమ్ములా చల్లి వేడిచేసి అంటిస్తారు. ఆసిడ్ ఆ రేణువుల మధ్య తినేసరికి రేకంతా ఇసుక చల్లినట్టు గరుకవుతుంది. అక్వాటింట్ అంటారు దాన్ని. చివరికి పూత కడిగేసి, సిరా రుద్ది, ముతక జాలీగుడ్డతో పైపై సిరా తుడిచి, తడిపిన కాగితం పరిచి, ఫెల్ట్ దుప్పట్లు వేసి రోలర్ ప్రెస్ కింద తిప్పుతారు. ఆ ఒత్తిడికి కాగితం గీతల గుంటల్లోకి దిగి సిరాను లాక్కుంటుంది. ఎచింగ్ మీద వేలు పెట్టి చూస్తే గీత కాగితం మీద కొంచెం లేచి ఉంటుంది.

ఇంత చెప్పిందెందుకంటే, ఈ పద్ధతిలో గీత మొత్తం మనిషిది కాదు. సగం చేతిది, సగం ఆసిడ్‌ది. ఆసిడ్‌కు చిత్రకారుడి ఊరూ తెలియదు, మేకా తెలియదు. దానికి తెలిసింది సమయం, లోహం. ఆ రెండింటిని పట్టుకుని, తన ఊరి మనిషి చర్మం మీది ముడతను, మేక వెంట్రుకను, తాటిచెట్టు మాను మీది గరుకును రాబట్టాలి. కొనదేరిన గీత, ఇసుకలాంటి నీడ మన మెట్టప్రాంతపు బండరాళ్లకు, ఎండిన మోళ్లకు, ఎండకు నల్లబడిన దేహాలకు సరిగ్గా అతుకుతాయి. లక్ష్మాగౌడ్ గారి ఎచింగుల్లో ఊరు తియ్యగా కనిపించకపోవడానికి ఆయన మనసు ఎంత కారణమో ఆ రేకు కూడా అంతే కారణమని నా అభిప్రాయం. అదే ఊరిని మెత్తటి కుంచెతో, ఖరీదైన రంగులతో వేసి ఉంటే ఆ కరుకుదనం మిగిలేది కాదు.

ఆయన అక్కడ ఆగిపోలేదు. అద్దం వెనుక వేసే బొమ్మలు చేశారు, కాల్చిన మట్టి బొమ్మలు చేశారు, కంచు పోతపోశారు. అద్దం మీద పని మరీ విచిత్రమైనది. మామూలుగా మొదట నేపథ్యం వేసి, చివర్లో కనుపాపలో చుక్క పెడతాం. అద్దం వెనుక వేసేటప్పుడు ముందు ఆ చుక్క పెట్టాలి, ఆ తర్వాత కన్ను, ఆ తర్వాత ముఖం, అన్నిటికన్నా చివర ఆకాశం. ఒకసారి ముఖం రంగు పడ్డాక బొట్టు దిద్దుతానంటే కుదరదు. మట్టికి వస్తే, చేతిలో ఉన్నప్పటి రూపం ఆరేసరికి కుంచించుకుపోతుంది, కాల్చేసరికి రంగు మారిపోతుంది. ప్రతి కొత్త వస్తువు దగ్గరా మళ్లీ మొదటి తరగతిలో కూర్చోవాల్సిందే. అదే మేక, అదే మనిషి, అదే చెట్టు. వస్తువు మారిన ప్రతిసారీ వాటిలో ఇంతకుముందు కనిపించనిది ఒకటి బయటపడింది. ఇది సుబ్రమణ్యన్ గారి బడి నుంచి వచ్చిన గుణం కూడా. ఆయన స్వయంగా అద్దం మీద బొమ్మలు వేశారు, మట్టి పలకలు చేశారు, పిల్లల ఆటబొమ్మలూ చేశారు. కుమ్మరి పనికీ చిత్రకారుడి పనికీ మధ్య గోడ కట్టడానికి ఒప్పుకోని గురువు.

లోహపు రేకు విషయంలో ప్రపంచమంతా తలతిప్పి చూసిన తెలుగువాడు ఇంకొకరున్నారు. కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివారు. లండన్‌లో హెన్రీ మూర్ దగ్గర, పారిస్‌లో జాడ్కిన్ దగ్గర శిల్పం నేర్చుకుని, పారిస్‌లోనే స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియర్ 17 అనే అచ్చుచిత్రాల పనిశాలలో చేరారు. తర్వాత దానికి సహ సంచాలకుడయ్యారు. 1970లలో న్యూయార్క్ వెళ్లి స్థిరపడి, 2018లో కన్నుమూశారు.

ఆయన కాలానికి రంగుల ఎచింగ్ చేయాలంటే మామూలుగా రంగుకొక రేకు కావాలి. ఒకదాని మీద ఒకటి తేడా లేకుండా ఒత్తాలి. కృష్ణారెడ్డి శిల్పి కదా, రేకును కాగితంలా చూడలేదు, రాయిలా చెక్కారు. ఎత్తుపల్లాలు, లోయలు తీశారు. అటెలియర్‌లో తోటి కళాకారుడు కైకో మోతీతో, హేటర్‌తో కలిసి చేసిన ప్రయోగాల్లోంచి ఒక పద్ధతి తేలింది. గుంటల్లో ఒక సిరా. ఆ పైన గట్టి రోలర్‌తో నూనె ఎక్కువున్న పలచటి సిరా, అది ఎత్తైన చోట్లకే అంటుకుంటుంది. ఆ తర్వాత మెత్తటి రోలర్‌తో నూనె తక్కువున్న చిక్కటి సిరా, అది పల్లాల దాకా దిగుతుంది. నూనె సిరా ముందే ఉన్న చోట చిక్కటి సిరాను రానివ్వదు. అలా ఒకే రేకు మీద, ఒకే ఒత్తుతో, రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా పక్కపక్కన నిలుస్తాయి. సిరాలో రెండు చుక్కల నూనె ఎక్కువైతే బొమ్మే మారిపోతుంది. 1963 నాటి "వర్ల్‌పూల్" అనే ఆయన అచ్చుచిత్రంలో సుడిగుండం అలా పుట్టిందే. నీటి సుళ్లు, అలలు, పురుగులు, మొక్కలు ఆయనకు ముడిసరుకు. 1968లో పారిస్ విద్యార్థుల తిరుగుబాటు చూసి చేసిన "డెమాన్‌స్ట్రేటర్స్" కూడా అదే చేతిది. సిరా చిక్కదనం ఏ పాళ్లలో ఉండాలో తెలుసుకోవడానికి ఏళ్లకేళ్లు వెచ్చించిన మనిషి వీధిలోని జనాన్ని చూడకుండా తలుపు వేసుకోలేదన్నది మనం గమనించాలి.

శాంతినికేతన్ మాట వచ్చింది కాబట్టి మన మనిషి గురించి చెప్పాలి. కొండపల్లి శేషగిరిరావు గారు 1924లో ఇప్పటి మహబూబాబాద్ జిల్లా పెనుగొండలో పుట్టారు. హన్మకొండలో చదివి, హైదరాబాద్ వెళ్లి, అక్కడి నుంచి మెహదీ నవాజ్ జంగ్ ప్రోత్సాహంతో శాంతినికేతన్ చేరి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. తిరిగొచ్చి హైదరాబాద్ లలితకళల కళాశాలలో ఎన్నో ఏళ్లు బోధించారు. పురాణాల బొమ్మలు చాలా వేశారు గానీ, ఆయన వేసిన దక్కన్ బండరాళ్ల చిత్రాలు నాకు అంతకంటే ఇష్టం. మనం రోజూ దాటిపోయే గుండ్ల ముందు ఆయన ఆగారు. గుండు మీద గుండు నిలిచిన తీరులో, నీడ పడ్డ పగులులో ఏముందో చూశారు. పాలకుర్తి దారిలోనూ అలాంటి గుట్టలున్నాయి. వాటి ముందు ఆగేవాళ్లే తక్కువ.

ఇప్పుడు నన్ను కలవరపెట్టే విషయం. తోట వైకుంఠం గారి బొమ్మలు మీకు తెలుసు. పెద్ద బొట్టు, పసుపు పులుముకున్న ముఖం, ఎర్రటి చీర, భుజం మీద చిలుక. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన ఆయన, తన ఊరి ఆడవాళ్లను ఎరుపు, పసుపు, నలుపుల్లోకి తీసుకురావడానికి ముందు ఎన్నో ఏళ్లు గీతతో, బొగ్గుతో కుస్తీ పట్టారు. బి. నర్సింగరావు గారి "దాసి" సినిమాకు కళాదర్శకత్వం చేసి జాతీయ పురస్కారం అందుకున్నారు. దొర గడీలో బానిసగా బతికిన ఆడమనిషి కథ అది. గడీ లోపలి గదులను, గోడలను, అక్కడి వెలుతురును కట్టి చూపిన కన్నే ఆ బొమ్మల వెనుకా ఉంది. ఆ బొమ్మల్లో కనిపించే నిండుదనం ఊరికే వచ్చింది కాదు. కానీ ఈరోజు హోటల్ గోడ మీద, పెళ్లిపత్రిక మీద, ప్రభుత్వ ఆఫీసు ప్రహరీ మీద ఎక్కడ చూసినా అవే ముఖాలు, అవే చిలుకలు. గీసేది వేరే చేతులు. ఆ ఏళ్ల కుస్తీ లేకుండా ఫలితాన్ని మాత్రం తెచ్చుకుంటే ఊరు ఒక డిజైన్ అయిపోతుంది. తెలంగాణ పల్లె అంటే రంగురంగుల చీర, తలపాగా, బతుకమ్మ అని చిత్రకారులే ఖాయం చేస్తే, మన పిల్లలు తమ ఇంటి ముందున్న దాన్ని చూడడం మానేస్తారు. నాకు అది బాధ కలిగిస్తుంది.

ఇంటి ముందున్నదంటే గుర్తొచ్చింది, మన దేవరుప్పుల మండలంలోనే కడవెండి ఉంది. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగింది అక్కడే. విసునూరు దొర గడీ మీద జనం తిరగబడిన కథ ఇక్కడి ముసలివాళ్ల నోట ఇంకా వినిపిస్తుంది. గోడల మీద కొమరయ్య బొమ్మలు వేస్తున్నారు, వేయాలి. అయితే పిడికిలెత్తిన మనిషిని వేయడం దగ్గరే మన చేతులు ఆగిపోయాయి. వెట్టి మోసిన మెడ ఎలా ఉంటుంది, గడీ గుమ్మం ముందు చెప్పులు చేతపట్టుకుని నిలబడ్డ మనిషి నీడ ఎలా పడుతుంది, అప్పటి కన్నీళ్లు ఏ గుడ్డతో తుడుచుకున్నారు అన్నవి ఎవరైనా ఒక రేకు మీదకు తేవాలి. ఎచింగ్ దానికి సరైన మాధ్యమమని నేను అనుకుంటాను. ఆ కథకు మెరుపు రంగులు అక్కర్లేదు.

అయితే ఆసిడ్ పని ఇంట్లో చేయకండి. నైట్రిక్ ఆసిడ్ పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. గాలి ఆడే గది, చేతి తొడుగులు, నేర్పే మనిషి ఉన్నచోటే చేయాలి. కలిపేటప్పుడు నీళ్లలో ఆసిడ్ పోయాలి, ఆసిడ్‌లో నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. ప్రెస్ ఖరీదు ఎక్కువ కాబట్టే ప్రపంచమంతటా అచ్చుచిత్రకారులు ఒకే పనిశాలను పంచుకుంటారు. పారిస్ అటెలియర్ అలాంటిదే, ఢిల్లీలో లలితకళా అకాడమీ గఢీ స్టూడియోలూ అలాంటివే. జనగామలో అలాంటిది ఒక్కటి రావాలని నా కోరిక. అప్పటిదాకా ప్లైవుడ్ ముక్క, పాత చెప్పు రబ్బరు అడుగు, దళసరి అట్ట సరిపోతాయి. వాటి మీద చెక్కి, మిగిలిన ఎత్తైన భాగానికి సిరా పూసి, కాగితం పరిచి, వెనుక నుంచి స్టీల్ గరిటె వీపుతో రుద్దితే అచ్చు పడుతుంది.

ఇంకో ప్రయోగం ఇంతకంటే సులువు, మన నేలకు దగ్గర. మట్టి రంగులు. నందలాల్ బోస్ 1938లో హరిపుర కాంగ్రెస్ మహాసభ కోసం చేత్తో చేసిన కాగితాల మీద మట్టి రంగులతోనే పల్లె పనివాళ్ల బొమ్మలు వేశారు. శేషగిరిరావు, కృష్ణారెడ్డి, సుబ్రమణ్యన్ ముగ్గురూ ఆ శాంతినికేతన్ నుంచే వచ్చారు. మన దగ్గర ఎర్రచలక ఉంది, గోడలకు పూసే జాజు ఉంది, సుద్ద ఉంది, చెరువు మట్టి ఉంది. మట్టిని బాగా ఎండబెట్టి, దంచి, గుడ్డతో జల్లించాలి. గిన్నెలో నీళ్లు పోసి కలిపి, ఒక్క నిమిషం ఆగితే ఇసుక కిందికి దిగుతుంది. పైనున్న బురదనీళ్లను వేరే గిన్నెలోకి వంచాలి. ఇలా రెండుమూడు మార్లు చేసి, ఆ నీళ్లను ఒక రోజంతా కదలకుండా ఉంచితే మెత్తటి మట్టి అడుగున పేరుకుంటుంది. తేటనీళ్లు పారబోసి దాన్ని ఆరబెట్టాలి. ఆ బిళ్లను నూరి, నానబెట్టిన తుమ్మజిగురు, రెండు బొట్ల తేనె కలిపితే రంగు సిద్ధం. ఆరాక వేలికి అంటితే జిగురు తక్కువైనట్టు. పెచ్చులు లేస్తే ఎక్కువైనట్టు.

పసుపుపచ్చ మట్టి దొరికితే కొంత పెనం మీద బాగా వేయించి చూడండి. ఎర్రబడుతుంది. అందులోని ఇనుప ఖనిజం తనలోని నీటిని వదులుకుని మారే రంగు అది. ఒకే మట్టి నుంచి రెండు రంగులు. రేగడి మాత్రం మొండిది. ఆరేకొద్దీ కుంచించుకుని బొమ్మ మీద పగుళ్లు తెస్తుంది. సుద్ద కలిపి పలుచగా వాడండి. నలుపుకు దీపం మసే మేలు. అయితే మసి నీళ్లలో కలవదు, పైన తేలుతుంది. ముందు కొద్దిగా స్పిరిట్‌తో తడిపితే కలుస్తుంది. జాజు పాళ్లు ఎలా కలపాలో, ఏ గుట్ట మట్టి గోడకు పట్టుతుందో, ఏది రాలిపోతుందో మీ ఇంట్లో అమ్మమ్మనో నానమ్మనో అడగండి. ఏళ్ల తరబడి గోడల మీద చేసి చూసిన లెక్క అది. కాగితం మీద రాసిపెట్టుకోండి.

చేసిన ప్రతి రంగునూ ఒక అట్ట మీద వేలి వెడల్పున పూసి, పక్కన ఊరి పేరు, చలక పేరు, జిగురు పాళ్లు రాయండి. సగం భాగాన్ని నల్లకాగితంతో కప్పి, ఎండ తగిలే కిటికీకి ఆనించి పెట్టండి. పక్కనే పసుపు కూడా ఒక పూత పూయండి. కొన్ని వారాలకు నల్లకాగితం తీసి పోల్చి చూడండి. మట్టి రంగులు కదలవు, పసుపు వెలిసి ఉంటుంది. వానలు మొదలుకాకముందే మట్టి తెచ్చి ఆరబెట్టుకుంటే పని సులువవుతుంది.